కుండకు కారణమెవరు?

తర్కశాస్త్రం కాస్త చదివినవాళ్ళకు కుండ కొత్త కాదు. కార్యకారణ సంబంధం వివరించవలసి వచ్చినప్పుడల్లా మన తార్కికులు ఘటాన్నే ముందుకు తెచ్చారు. కుండకు మట్టి ఒక రకం కారణం. కుమ్మరి, అతని సారె, ఆ సారెను తిప్పే కర్ర మరొక రకం కారణాలు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తరువాత వాళ్ళు కారణం కానివాటి జాబితా కూడా ఒకటి తయారు చేశారు. దానికి 'అన్యథాసిద్ధం' అని పేరు పెట్టారు. కుండ పుట్టక ముందే ఉన్నా, కుండకు కారణమని చెప్పనక్కరలేనివి అందులో చేరతాయి. కుమ్మరి తండ్రి ఆ జాబితాలో ఉన్నాడు. మట్టి మోసుకొచ్చిన గాడిద ఉంది. కుమ్మరి భార్య మాత్రం కారణాల్లోనూ లేదు, కారణం కానివాటిలోనూ లేదు.

తార్కికులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ పని నిర్వచనం. దానికి తగిన ఉదాహరణ వాళ్ళకు కావాలి, అది దొరికింది. రచయిత పని వేరు. కుండ ఎవరెవరి ఒళ్ళు అరిగితే తయారవుతుందో, అందుకు ప్రతిఫలంగా ఎవరికేమి ముట్టిందో చెప్పవలసినవాడు రచయిత. శతాబ్దాలుగా కుండను గురించి మాట్లాడుతూ వచ్చిన మన సాహిత్యం కుమ్మరి ఇంటిని గురించి ఏపాటి మాట్లాడింది? ఈ వ్యాసంలో ముందుగా కోనసీమ కుమ్మరుల పనిని నేను చూసిన మేరకు, విన్న మేరకు వివరించి, తరువాత ఆ ప్రశ్నకు వస్తాను. పని తెలియకుండా ఆ పని మీద వచ్చిన సాహిత్యాన్ని బేరీజు వేయలేం కనుక ఈ క్రమం తప్పదు.

కోనసీమ గౌతమికీ వసిష్ఠకూ మధ్య గోదావరి పోసిన నేల. వైనతేయ దాన్ని మళ్ళీ చీలుస్తుంది. ఇక్కడ మట్టికి కొదవ లేదు. అలాగని ఏ మట్టి పడితే ఆ మట్టి కుండకు పనికిరాదు. చెరువు అడుగు బంకమట్టికి జిగురెక్కువ. దానితోనే చేస్తే కుండ ఆరేటప్పుడు ముడుచుకుని బీటలు వారుతుంది. ఇసుక పాలు ఎక్కువైన ఏటి ఒండ్రుతోనే చేస్తే ముద్ద సారె మీద నిలబడదు. రెండూ కలపాలి. ఎంతకు ఎంత అన్నది అరచేతిలో ఉండ నలిపి చూసి తేల్చవలసిన విషయం. వంటకుండకు ఇసుక కాస్త ఎక్కువ పడాలి, లేకపోతే పొయ్యి సెగకు పగులుతుంది. నీళ్ళకుండ గుల్లగా ఉండాలి. చెమ్మ బయటికి ఊరి, ఆ చెమ్మ ఆరుతున్నకొద్దీ లోపలి నీళ్ళు చల్లబడతాయి. వేసవిలో 'కొత్త కుండలో నీళ్ళు' అని మనం హాయిగా చెప్పుకునే మాట వెనక ఇంత శాస్త్రం ఉంది. దాన్ని చేతులే కనిపెట్టాయి, చేతులే మరో తరానికి అందించాయి.

తెచ్చిన మట్టిని ఎండబెట్టాలి, గడ్డలు చితక్కొట్టాలి, రాళ్ళూ వేళ్ళూ ఏరాలి, జల్లించాలి, నానబెట్టాలి, కాళ్ళతో తొక్కాలి. ఒకసారి తొక్కి ఊరుకుంటే చాలదు. గులకరాయి మిగిలినా, లోపల తడి చిక్కుకున్నా కాల్చేటప్పుడు కుండ పగులుతుంది. నేనెరిగిన ఇళ్ళల్లో ఈ పనుల్లో పెద్దభాగం ఆడవాళ్ళది, పిల్లలది. సారె ముందు కూర్చునేది మాత్రం మగవాడు. ఆడది సారె ముట్టకూడదన్నది కులాచారం.

కర్రతో సారెను జోరుగా తిప్పి వదిలితే, ఆ విసురు తగ్గేలోగా ముద్ద రూపానికి రావాలి. దారంతో కోసి దించుతాడు. అప్పటికి మూతీ మెడా మాత్రమే కుదురుతాయి. కడుపు ఇంకా మందంగానే ఉంటుంది. కాస్త ఆరనిచ్చి, లోపల గుండు ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి గోడ పలచన చేస్తూ కడుపు పెంచుతారు, అడుగు గుండ్రం చేస్తారు. కుమ్మరి వీధిలోకి అడుగుపెట్టకముందే వినిపించే చప్పుడు ఇదే. ఆ తరువాత నీడన ఆరడం, ఎర్రమట్టి పూత, మళ్ళీ ఆరడం.

చివరిది ఆవం. దీన్నే కొందరు ఆము అనీ, వాము అనీ అంటారు. తెలంగాణలో వామి. ఒకే మాట ప్రాంతాన్ని బట్టి ఎలా మారుతుందో భాషా విద్యార్థులు గమనించవచ్చు. పచ్చికుండలను పేర్చి, మధ్యన కొబ్బరి డొక్కలూ మట్టలూ చితుకులూ సర్ది, పైన గడ్డి కప్పి బురద మెత్తుతారు. సెగ మెల్లగా ఎక్కాలి. ముందు తడి పోవాలి. వేడి సుమారు 600 డిగ్రీల సెంటీగ్రేడు దాటాక మట్టి స్వభావమే మారిపోతుంది, ఇక నీళ్ళలో నానినా తిరిగి మట్టి కాదు. ఇలాంటి ఆవాల్లో వేడి సాధారణంగా 700కూ 900కూ మధ్య ఉంటుంది. గాలి ఆడితే మట్టిలోని ఇనుము ఎరుపెక్కుతుంది. గాలి మూసి పొగ పట్టిస్తే కుండ నల్లబడుతుంది.

ఇంత చేసినా కుండ ఇంకా కుమ్మరిది కాదు, వానది. 1986లో వచ్చినంత గోదావరి వరద రానక్కరలేదు, 1996 నవంబరు నాటి తుపాను రానక్కరలేదు. వేళ కాని వేళ ఒక్క జడివాన కురిస్తే ఆరబెట్టిన పచ్చికుండలు తిరిగి బురద ముద్దలవుతాయి. 'కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు' అన్న సామెత పుట్టింది ఈ బతుకులోనే. వానాకాలమంతా పని సరిగా సాగదు. వేసవిలో చేసిన కుండలే ఆ నెలల తిండి.

ఇప్పుడు తార్కికుల జాబితా పక్కన మన జాబితా పెట్టి చూద్దాం. మట్టి జల్లించిన చేతులు, తొక్కిన కాళ్ళు, చితుకులు ఏరిన పిల్లలు, నెత్తిన గంప పెట్టుకుని సంతకు నడిచిన స్త్రీ: వీళ్ళు లేకుండా కుండ లేదు. అయినా కుండ చేసినవాడు ఎవరంటే సారె తిప్పినవాడినే చూపిస్తాం. సారె వీధిలోకి కనిపిస్తుంది, మిగతా పని పెరట్లో జరుగుతుంది. కనిపించే పనికే పేరు దక్కడం మన సమాజంలో ఒక్క కుమ్మరి ఇంటి సంగతే కాదు.

ఇది ప్రకృతి నియమం కాదనడానికి ప్రపంచంలో సాక్ష్యాలున్నాయి. అమెరికాలోని దక్షిణ కెరొలైనా రాష్ట్రంలో కటాబా అనే ఆదివాసీ జాతి ఉంది. వాళ్ళ పేరే ఉన్న నది ఒడ్డున మట్టి తవ్వి తరతరాలుగా కుండలు చేస్తున్నారు. వాళ్ళకు సారె లేదు. మట్టిని తాళ్ళలాగా పేని, చుట్టలు చుట్టలుగా ఒకదానిమీద ఒకటి పేర్చి, చేత్తో నునుపు చేస్తారు. పూత పూయరు, ఏటి గులకరాయితో రుద్ది మెరుపు తెస్తారు. ఆ రాళ్ళు తల్లి నుంచి కూతురికి ఆస్తిగా సంక్రమిస్తాయి. బహిరంగంగా మంట వేసి కాలుస్తారు కనుక ఒకే కుండ మీద నలుపూ గోధుమరంగూ ఎరుపూ మచ్చలుగా పడతాయి. ఈ విద్యను ఇన్ని తరాలు నిలబెట్టింది ప్రధానంగా స్త్రీలు. ఆ జాతి ఉనికిని అమెరికా ప్రభుత్వం 1959 నాటి చట్టంతో రద్దు చేసి, 1993లో తిరిగి గుర్తించింది. కాగితం మీద జాతి లేని ఆ మూడు దశాబ్దాలలోనూ కుండ ఆగలేదు. స్త్రీ ముట్టుకుంటే కుండకు మైల అనే మాటకు అక్కడ అర్థమే లేదు. మన దగ్గర ఆ నిషేధం ఉన్నది మట్టిలో కాదు, కులవ్యవస్థలో, పితృస్వామ్యంలో.

కుండ ఎవరికోసం తయారైందో కూడా చూడాలి. కుండ, కడవ, బాన, దాక, చట్టి, దుత్త, అటిక, ముంత, పిడత, మూకుడు, కాగు, గోలెం, ప్రమిద. ఇవి పర్యాయపదాలు కావు. ప్రతి మాటకూ ఒక ఆకారం, ఒక పని ఉన్నాయి. కల్లుగీతకు లొట్టి కావాలి, బావికి మట్టివరలు కావాలి, లోగిలి కప్పుకు గూనపెంకు కావాలి. పెళ్ళికి అయిరేని కుండలు కుమ్మరి ఇంటినుంచి మేళతాళాలతో రావాలి. చితి చుట్టూ తిరిగేటప్పుడు భుజాన ఉండేదీ కుమ్మరి కుండే. మనిషి పుట్టుక నుంచి కాటి దాకా కుమ్మరి చెయ్యి లేని ఘట్టం లేదు.

ఈ పనికి ప్రతిఫలం మేర. ధవళేశ్వరం ఆనకట్ట (1847-1852) తరువాత కాలువ నీటితో వరి విస్తరించిన ఈ సీమలో, కళ్ళంలో రైతు గింజలు కొలిచేటప్పుడు వృత్తులవాళ్ళ వాటా తీసేవారు. మార్క్స్ 'కాపిటల్' మొదటి సంపుటం (1867)లో భారతీయ గ్రామసమాజంలోని శ్రమవిభజనను వివరిస్తూ, ఊరి కుండలన్నీ చేసే కుమ్మరిని ఆ జాబితాలో చేర్చాడు. అదే జాబితా చివర కవి కూడా ఉన్నాడు. కొన్ని ఊళ్ళలో కంసాలి లేని లోటునూ, మరికొన్ని ఊళ్ళలో బడిపంతులు లేని లోటునూ ఆ కవే తీరుస్తాడంటాడు. కుమ్మరి, కవి, బడిపంతులు ఒకే గాదె గింజలు తిన్నవాళ్ళన్నమాట. ఈ చుట్టరికాన్ని కవులూ పంతుళ్ళూ మరిచిపోయారు.

మేర వ్యవస్థ స్వర్గమేమీ కాదు. పంట పోతే మేర పోయేది. గింజ కొలిచేవాడి దయ మీద బతుకు నడిచేది. కొడుకు మరో పని చేస్తానంటే కులం ఒప్పుకునేది కాదు. శాలివాహనుడు కుమ్మరి ఇంట పెరిగి, మట్టిబొమ్మలకు ప్రాణం పోసి సైన్యంగా నడిపించాడని కథ. ఆ పేరునే ఈ కులస్థులు తమకు పెట్టుకున్నారు. కథలో రాజును కన్న ఇల్లు ఊళ్ళో మాత్రం రాజుగారి అరుగెక్కలేదు. ఇది మరిచి 'ఆ రోజుల్లో అందరూ కలిసి బతికారు' అని రాయడం చరిత్రకు ద్రోహం.

ఆ వ్యవస్థ ఎలా కూలింది? సత్తుగిన్నె వచ్చి దాకను తోసేసింది. స్టీలు బిందె కడవను తోసేసింది. మంగుళూరు పెంకు, తరువాత సిమెంటు శ్లాబు గూనపెంకును తోసేశాయి. సిమెంటువరలు మట్టివరలను, ప్లాస్టిక్కు లొట్టిని తోసేశాయి. ఇవి అందరికీ తెలిసిన కారణాలు. తెలియనివి మరికొన్ని ఉన్నాయి. ఊరి చెరువులు చేపల పెంపకానికి వేలంపాటకు పోయాయి. పాట పాడుకున్నవాడు చెరువులో పార వేయనివ్వడు. లంకల మట్టి ఇటుకబట్టీలకు పోతోంది. ఒకప్పుడు దొడ్లలో ఏరుకోవడానికి దొరికిన కొబ్బరి డొక్కను ఇవాళ పీచు పరిశ్రమ కొంటోంది. గోదావరి పోసిన మట్టి మధ్య కూర్చుని కుమ్మరి మట్టి కొనుక్కుంటున్నాడు. మట్టి అందరిదీ అయినంతకాలం అది అతని ముడిపదార్థం. మట్టి సరుకైన రోజున అతను దానికి కొనుగోలుదారు మాత్రమే. 2023 సెప్టెంబరులో మొదలైన కేంద్రప్రభుత్వ విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరం ఒకటి. కరెంటు సారె రెక్కల కష్టాన్ని తగ్గిస్తుంది, అది మంచిదే. కాని చెరువులో పార వేసే హక్కును ఏ కరెంటు సారే తెచ్చిపెట్టదు.

మరొక ఉదాహరణ మన పక్కనే ఉంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించవలసిన విషయం. పూతరేకు తయారయ్యేది బోర్లించిన కుండ వీపు మీద. లోపల కొబ్బరాకు మంట. పైన బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను ఒక్కసారి లాగితే కాగితం కన్నా పలచగా రేకు లేస్తుంది. ఆ కుండ వీపు నునుపు తప్పితే రేకు చిరుగుతుంది. పూతరేకుల మీద రాసినవాళ్ళు నెయ్యిని పొగిడారు, బెల్లాన్ని పొగిడారు, రేకు తీసే స్త్రీల చేతులను కూడా పొగిడారు. కుండను సాధనం కింద జమకట్టి ఊరుకున్నారు. తార్కికుల గాడిదకు పట్టిన గతే కుమ్మరికి పట్టింది.

ఇక సాహిత్యం సంగతి. వేదాంతులకు దేహం ఒక ఘటం. కుండలోని ఆకాశం, కుండ పగిలితే మహాకాశంలో కలవడం అద్వైతానికి ఇష్టమైన దృష్టాంతం. సృష్టికర్తను కుమ్మరితో పోల్చడమూ పరిపాటే. ఉపమానంలో దేవుడైనవాడు ఊళ్ళో కుమ్మరిగానే ఉండిపోయాడు. ఇలాంటి కవిత్వంలో కుండ పగలడం వైరాగ్యానికి హేతువు. కుండ పగిలితే కుమ్మరి ఇంట పొయ్యి వెలగదన్న సంగతి అందులోకి రాదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణం దీనికి కొంత భిన్నం. అందులో కుమ్మర గుండయ్య కథ ఉంది. అతను కుండ మీద వేసిన తాళానికి శివుడే దిగివచ్చి నాట్యమాడాడట. కుమ్మరి వీధిలో చెక్కతట్టు విన్నవాళ్ళకు ఈ కల్పన ఎక్కడ పుట్టి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. చేతిపనుల వాళ్ళను భక్తుల వరసలో కూర్చోబెట్టిన ఉద్యమం కనుకనే శ్రమ చప్పుడు కావ్యంలోకి రాగలిగింది. అది ఆనాటికి ముందడుగు.

లోకం కుమ్మర మొల్ల అని పిలుచుకునే ఆతుకూరి మొల్ల సంగతి వేరు. రామాయణ పీఠికలో ఆమె తండ్రి కేసన శివభక్తిని చెప్పుకుంది, తన కవిత్వం దైవదత్తమని చెప్పుకుంది. ఆమె కావ్యంలో సారె కోసం వెతకడం న్యాయం కాదు. నాటి కావ్యమర్యాదలో వృత్తికి చోటు లేదు. తక్కువ కులపు స్త్రీ కావ్యసభలోకి రావాలంటే చేతి మట్టి కడుక్కుని రావాలి. ఆమె గెలుపు నిజమైనదే, దానికి చెల్లించిన వెల కూడా నిజమైనదే.

ఆధునిక కవిత్వంలో శ్రీశ్రీ మలుపు తెచ్చాడు. 'మహాప్రస్థానం' (1950)లోని 'ప్రతిజ్ఞ' గీతంలో కుమ్మరి చక్రం తక్కిన వృత్తుల పనిముట్ల సరసన సగౌరవంగా నిలబడింది. శ్రమకు అది తెలుగు కవిత్వం పెట్టిన నమస్కారం. కాని ఆయన వెనక వచ్చిన మనలో చాలామంది ఆ జాబితా దగ్గరే ఆగిపోయాం. సుత్తి, కొడవలి, నాగలి, మగ్గం, చక్రం అని వరసగా చెబితే శ్రామికవర్గ కవిత్వమైపోయిందని తృప్తిపడ్డాం. శ్రీశ్రీకి అది సింహద్వారం. మనకు అది అలంకారమైపోయింది. 2002 నాటి 'కుబుసం' చిత్రం ద్వారా ఊరూరా మోగిన గోరటి వెంకన్న పాట 'పల్లె కన్నీరు పెడుతుందో' కుమ్మరి ఆవం పాడుపడిన సంగతిని ఇతర వృత్తుల పతనంతో కలిపి చెప్పి, దాని వెనక ఎవరున్నారని నిలదీసింది. ఆ ప్రశ్నే ఆ పాట బలం. అనుకరించిన వాళ్ళు కన్నీటిని తీసుకుని ప్రశ్నను వదిలేశారు.

ఇంతకూ కుండ మన భాషలో ఇప్పటికీ బతికే ఉంది. కుండపోత వాన అంటాం, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడంటాం, నిండుకుండ తొణకదంటాం, మొండిఘటం అంటాం, కడివెడు పాలంటాం. పిడత పోయింది, పిడత కింద పప్పు మిగిలింది. ఒకసారి తరగతిలో దుత్తకూ దాకకూ తేడా చెప్పమని అడిగాను. ఎవరూ చెప్పలేదు. కుమ్మరి వీధినుంచి వచ్చే అమ్మాయి ఒకతె తల దించుకుని కూర్చుంది. తరువాత విడిగా అడిగితే పన్నెండు రకాల కుండల పేర్లు తడుముకోకుండా చెప్పింది. తరగతిలో చెబితే కులం బయటపడుతుందని భయం. తెలుగు భాషకు ఆ పిల్ల దగ్గరున్నది పెద్ద ఆస్తి, ఆ పిల్లకు అది దాచుకోవలసిన మచ్చ. నా దృష్టిలో ఈ చర్చకంతటికీ కీలకం ఇక్కడుంది. కుండ అంతరించడం కన్నా, ఆ జ్ఞానం ఉన్న మనిషి దానికి సిగ్గుపడేటట్టు చేసిన సమాజం రచయితకు అసలు ఇతివృత్తం.

ఈ ఇతివృత్తాన్ని తీసుకునేవారు రెండు పొరపాట్ల నుంచి జాగ్రత్తపడాలి. మొదటిది మోహం. నగరాలలో మట్టిపాత్రల వంట, మట్టికప్పులో టీ, రోడ్డు పక్క కుండబిర్యానీ ఇప్పుడు నాగరికత. ఆ పాత్ర వెల కుమ్మరి ఇంట ఎంత, దుకాణంలో ఎంత అని అడగని రచన ప్రకటన అవుతుంది, సాహిత్యం కాదు. రెండవది విలాపం. కుమ్మరి కొడుకు సారె వదిలి చదువుకుని ఉద్యోగానికో, గల్ఫుకో వెళితే అది విషాదమని రాయడానికి వీల్లేదు. పుట్టుకతో అంటగట్టిన పని నుంచి విడుదల కావడం ప్రగతే. చెరువు చేజారి, చితుకు దొరక్క, అంగడి మూతపడి వెళ్ళగొట్టబడితే మాత్రం అది విడుదల కాదు, బేదఖలు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ రెంటికీ తేడా చూపించగలిగితేనే అది వాస్తవికత.

అందుకు పరిశ్రమ కావాలి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదకోశం, 1971లో చేనేత పదకోశం వెలువడ్డాయి. పండితులు రైతు దగ్గరికీ నేతగాని దగ్గరికీ వెళ్ళి మాటలు అడిగి రాసుకున్నారు. కథకులు, పరిశోధక విద్యార్థులు ఆ దారిన కుమ్మరి వీధికి వెళ్ళాలి. వెళ్ళినప్పుడు సారె దగ్గరే ఆగిపోకుండా పెరట్లోకీ వెళ్ళాలి, చెరువుగట్టుకూ వెళ్ళాలి, సంతకూ వెళ్ళాలి. మట్టి ఎవరిదని అడగాలి. ఎవరు తొక్కారని అడగాలి. అమ్మిన డబ్బు ఎవరి చేతిలో పడిందని అడగాలి.

కుండ పగిలితే పెంకు మిగులుతుంది. ఆ పెంకును బట్టి పురావస్తు శాస్త్రజ్ఞుడు కాలం చెప్పగలడు, ఏ వేడిలో కాలిందో చెప్పగలడు. మట్టి తొక్కిన కాళ్ళు ఎవరివో పెంకు చెప్పదు. అది చెప్పవలసిన బాధ్యత రచయితది.